బీరులో ఏ రుచి యాడ్నించి వస్తాది? మన వంటింట్లోనే తెలుసుకునే పద్ధతి

నేను బెంగళూరులో ఒక బ్రూపబ్‌లో (బీరు అక్కడే కాచి అమ్మే పబ్బు) బీరు కాచే పని చేస్తా ఉండా, ఆరేళ్ళయింది. మాది చిత్తూరు జిల్లా, బంగారుపాళ్యం పక్కన పల్లె. పండక్కి ఊరికొచ్చినప్పుడల్లా మా బావలు, ఫ్రెండ్సు అడిగేది ఒకటే, "అనా, బీరంటే బార్లీ నీళ్ళే కదా, మరి ఆ చేదు యాడ్నించి వస్తాది, కొన్నిట్లో అరటిపండు వాసన ఎందుకొస్తాది, నల్ల బీరులో కాఫీపొడి కలుపుతారా" అని. నోటితో ఎంత చెప్పినా సగమే ఎక్కుతాది. పోయిన సంక్రాంతికి మా అమ్మ వంటింట్లోనే రాగిపిండి, ఎండు వేపపువ్వు, బోరు నీళ్ళు, దోసెపిండి ముందర పెట్టుకుని ఒక్కొక్కటే చేసి చూపించినా, అప్పుడు అందరికీ ఒక్క పూటలో అర్థమైపోయింది. అదే పద్ధతి ఇక్కడ రాస్తా ఉండా.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాల. ఇది ఇంట్లో బీరు కాచే పద్ధతి కాదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం నేరం, కొంచెమే చేసుకున్నా, ఎవరికీ అమ్మకపోయినా నేరమే. అందుకని ఇక్కడ చెప్పేవన్నీ తిండి పదార్థాలతో చేసేవే, పులియబెట్టి మందు చేసేది ఏదీ లేదు. చివర్లో గ్లాసు పట్టుకునే భాగం మాత్రం 21 ఏళ్ళు నిండినోళ్ళకే. ఇంకోటి, కొండకు పోయే రోజు దీని జోలికే పోవద్దు, బండి డిక్కీలో మర్చిపోయిన బాటిల్ కూడా ఉండకూడదు, తిరుమలలో మద్యం పూర్తిగా నిషేధం.

ఇంగ విషయానికొస్తే, బీరులో ముఖ్యంగా ఉండేవి నాలుగే: నీళ్ళు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ), హాప్స్ (చేదునిచ్చే పువ్వు), ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి). నూరు లీటర్ల మామూలు లాగర్ (చల్లగా పులియబెట్టే రకం) బీరుకు సుమారు 18 నుంచి 20 కిలోల మాల్ట్ పడతాది, హాప్స్ అయితే 100, 200 గ్రాములు చాలు. ఇప్పటి జర్మనీలో ఉండే బవేరియాలో 1516లో ఒక చట్టం చేసినారు, బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని. దాంట్లో ఈస్ట్ పేరే లేదు, ఎందుకంటే అట్లాంటి ప్రాణి ఒకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలీదు. కానీ నన్నడిగితే బీరు రుచిలో ఎక్కువ పని చేసేది అదే, దాని సంగతి కొంచెం ఆగి చెప్తా.

మాల్ట్: మన రాగి మాల్టే దీనికి అక్క

మాల్ట్ అంటే ఏందో మన జిల్లావోళ్ళకి కొత్తగా చెప్పే పనే లేదు. చిన్నపిల్లలకి రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి కాచి పోస్తాం చూడండి, అదే పని బార్లీతో చేస్తే బీరు మాల్ట్ అవుతాది. గింజ నానబెట్టడం, మొలక రానివ్వడం, మొలక పెద్దదయ్యే లోపల వేడిగాలితో ఎండగొట్టి ఆపెయ్యడం, మూడే మెట్లు. అంతా సమయం చూసుకోవడంలోనే ఉంటాది, మొలక ముదిరితే గింజలో ఉండే సత్తువంతా అదే తినేస్తాది.

దీన్ని చూడాలంటే పావుకిలో రాగులు తీసుకోండి. కిరాణా కొట్టులో దొరికే బార్లీతో చెయ్యాలని చూడద్దు, ఒంట్లో వేడికి బార్లీ నీళ్ళు కాచుకుంటామే, ఆ బార్లీకి పైపొట్టు పాలిష్ పట్టి తీసేసి ఉంటాది కాబట్టి ఎన్ని రోజులు నానబెట్టినా మొలకెత్తదు. రాగులు రాత్రి నానబెట్టి పొద్దున నీళ్ళు వంచేసి పల్చటి గుడ్డలో మూట కట్టండి, రోజుకు రెండు మూడు సార్లు నీళ్ళు చల్లతా ఉండండి. రెండు రోజులకు తెల్లగా మొలకలు గుడ్డలోనించి బయటికొస్తా ఉంటాయి. బూజు వాసన ఏమన్నా వస్తే పారేసి మళ్ళీ మొదలుపెట్టండి. మంచిగా వచ్చింటే నీడలో బాగా ఆరబెట్టి, చేతుల్తో నలిపి మొలకలు రాల్చేసి, గింజలు రెండు భాగాలు చెయ్యండి. ఒక భాగం వేయించకుండా అట్లే పిండి చెయ్యండి, రెండో భాగం సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి పిండి చెయ్యండి. ఈ రెండూ కలిసిపోకుండా డబ్బాల మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు చెప్పే పనికి వేయించని పిండే కావాల.

మొలకెత్తించని మామూలు రాగిపిండి మూడు పెద్ద స్పూన్లు తీసుకుని గ్లాసు నీళ్ళలో గంజి కాచండి, సంగటికి కొంచెం తక్కువ, గరిటెకు అంటుకునేంత గట్టిగా ఉండాల. దాన్ని మూడు గిన్నెల్లో పొయ్యండి. మొదటి గిన్నెలో ఏమీ వెయ్యద్దు. రెండో గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి కుతకుత ఉడికేటప్పుడు మొలక పిండి ఒక స్పూను వేసి కలిపి దించండి. మూడో గిన్నెను చల్లారనివ్వండి, ఎంత చల్లారాలంటే వేలు పెడితే ఒక్క క్షణం ఓర్చుకుని తీసెయ్యాల అనిపించేంత, థర్మామీటర్ ఉంటే 65 డిగ్రీలు. అప్పుడు అదే మొలక పిండి ఒక స్పూను వేసి కలిపి, మూత పెట్టి, గిన్నె చుట్టూ పాత టవల్ చుట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి.

మూత తీసి చూస్తే మొదటి రెండు గిన్నెల్లో గంజి గట్టిగా అట్లే ఉంటాది. మూడోది మజ్జిగ మాదిరి పల్చగా జారిపోతాది. సంక్రాంతి నాడు మా అమ్మ మూడో గిన్నె వంచి చూసి "నీళ్ళేమన్నా పోసినావా రా" అనింది, పోయలేదమ్మా అంటే నమ్మలేదు, తనే ఇంకోసారి చేసి చూసుకునింది. నాలుక మీద పెట్టుకుంటే మొదటి గిన్నె చప్పగా, మూడోది సన్నగా తియ్యగా ఉంటాది, ఒక్క చుక్క చక్కెర వెయ్యకుండానే. (పచ్చి పిండి వేసినాం కాబట్టి తాగాలంటే మాత్రం ఇంకోసారి కాచి తాగండి.)

జరిగింది ఏందంటే, గింజ మొలకెత్తేటప్పుడు లోపల ఎంజైములు తయారవతాయి, తన దగ్గర ఉండే పిండిని చక్కెరగా మార్చుకుని మొలకకు తినిపించడానికి. ఆ ఎంజైములు కాచే వేడికి చచ్చిపోతాయి, అందుకే రెండో గిన్నెలో పని జరగలేదు. 65 దగ్గర మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మేము పనిలో చేసేది కూడా ఇదే, గిన్నెకు బదులు పెద్ద ట్యాంకు ఉంటాది అంతే. మాల్టును రవ్వ మాదిరి మర పట్టి, వేడినీళ్ళలో కలిపి 65 నుంచి 68 డిగ్రీల మధ్యలో గంటసేపు పెడతాం, దాన్నే మ్యాష్ అంటారు. ఇక్కడే బీరు ఒళ్ళు, అంటే నోట్లో తగిలే చిక్కదనం, ఎట్లుండాలో తీర్మానం అయిపోతాది. 63, 64 దగ్గర పెడితే ఈస్ట్ పూర్తిగా తినేసే రకం చక్కెరలు ఎక్కువొస్తాయి, బీరు పల్చగా, తీపి లేకుండా, ఆల్కహాల్ కొంచెం ఎక్కువగా వస్తాది. 69, 70 దగ్గర పెడితే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలిపోయి నోటినిండా చిక్కగా తగులుతాది. అదే మాల్టు, అదే నీళ్ళు, ఐదారు డిగ్రీల తేడాకు వేరే బీరైపోతాది, నేను పనిలో చేరిన కొత్తలో ఇది నా కండ్లతో చూసేదాకా నమ్మలేదు.

ఇంగ వేయించిన పిండి తీసుకోండి. వాసన చూస్తేనే తెలుస్తాది, పచ్చిదానికి గడ్డి వాసన, వేయించినదానికి బిస్కెట్ వాసన. చెనక్కాయలు వేయించేటప్పుడు గమనించింటారు కదా, పచ్చివి ఒక రుచి, దోరగా వేగినవి ఒక రుచి, ఇంకొంచెం పోతే ఎర్రగా ఘాటుగా, మాడితే చేదు. మాల్టు కూడా అంతే. 80, 85 డిగ్రీల దగ్గర ఎండబెట్టిన లేత మాల్ట్ బ్రెడ్డు, తేనె రుచినిస్తాది, మనకు దొరికే పసుపు రంగు బీర్లన్నీ దీంతోనే. తడిగా ఉండగానే వేడి చేసి, గింజ లోపలే చక్కెర తయారు చేయించి, ఆ తర్వాత వేయించేది క్యారమెల్ మాల్ట్, దాంట్లో పాకం, ఎండుద్రాక్ష రుచులు. 200 డిగ్రీలు దాటించి కాఫీగింజల మాదిరి నల్లగా వేయించితే కాఫీ, చాక్లెట్ రుచులు. ఈ నల్ల మాల్టు వేయించే గుండ్రటి రోస్టర్‌కు 1817లో ఇంగ్లాండులో డేనియల్ వీలర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటి నల్ల బీర్ల కథ అక్కడ్నించే మలుపు తిరిగింది.

కాబట్టి నల్ల బీరులో కాఫీపొడి అక్కర్లేదు. నూటికి తొంభై వంతులు లేత మాల్టే వేసి, ఐదో పదో వంతులు నల్లది వేస్తే చాలు, రంగంతా మారిపోతాది. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకునేది కూడా తప్పు. గిన్నిస్ డ్రాఫ్ట్ స్టౌట్ అనే నల్ల బీరులో ఆల్కహాల్ 4.2 శాతమే, మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే పసుపు బీర్లు చాలావరకు దానికంటే ఎక్కువ. రంగు మాల్టు వేపుడుని చూపిస్తాది, ఆల్కహాల్‌ను కాదు.

నీళ్ళు

బీరులో తొంభై శాతానికి పైన నీళ్ళే, కానీ దీని గురించి తక్కువ చెప్పినా సరిపోతాది. బోరు నీళ్ళతో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, క్యాన్ నీళ్ళతో అయితే మెత్తగా ఉడికిపోతాది, ఈ తేడా మన ఇండ్లల్లో అందరికీ తెలిసిందే. ఒకే కాఫీపొడితో రెండు నీళ్ళతో రెండు డికాషన్లు తీసి పాలు, చక్కెర లేకుండా తాగి చూడండి, బోరు నీళ్ళది మొద్దుగా ఉంటాది. నీళ్ళలో ఉండే ఉప్పులు రుచిని మోస్తాయి, మూస్తాయి కూడా.

పాతకాలంలో ఏ ఊరి నీళ్ళకు తగ్గ బీరు ఆ ఊర్లో పుట్టింది. చెక్ దేశంలో పిల్సెన్ నీళ్ళు బాగా తేలిక, అక్కడ 1842లో లేత బంగారు రంగు పిల్స్‌నర్ వచ్చింది. ఇంగ్లాండులో బర్టన్ నీళ్ళలో జిప్సం ఎక్కువ, దానివల్ల హాప్స్ చేదు సూటిగా, శుభ్రంగా తగులుతాది, పేల్ ఏల్ అనే రకం బీరుకు ఆ ఊరు పేరుగాంచింది. డబ్లిన్ నీళ్ళలో కార్బొనేట్లు ఎక్కువ, వేయించిన గింజల పులుపు దానికి విరుగుడు, అందుకే అక్కడ స్టౌట్ కుదిరింది. ఇప్పుడు అందరం ఆర్వో నీళ్ళు తీసుకుని కావాల్సిన ఉప్పులు తూకం వేసి కలుపుకుంటా ఉండాం. క్లోరిన్ మాత్రం తీసెయ్యాల, లేకపోతే బీరుకు ఆసుపత్రి వాసన పడతాది.

హాప్స్, అంటే చేదు, వాసన

ఇది మన పక్క చూడని పంట. ఒక తీగ, దాని ఆడపువ్వులు లేతపచ్చగా చిన్న మొగ్గల మాదిరి ఉంటాయి, రేకుల మధ్యలో పసుపు పొడి ఉంటాది, రుచంతా ఆ పొడిలోనే. ఎండాకాలంలో పగలు బాగా పొడుగుండే చల్లటి దేశాల్లోనే బాగా పండుతాది, మన దేశంలో హిమాచల్‌లో లాహౌల్ లోయలో పండిస్తారు. మా దగ్గరికి గుళికలుగా వస్తాది, చూస్తే ఆవులకు పెట్టే దాణా గుళికల మాదిరే పచ్చగా ఉంటాది. రెండు గుళికలు అరచేతిలో వేసుకుని గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే, రకాన్ని బట్టి ఒకదాంట్లో పంపరపనస తొక్క, ఒకదాంట్లో మామిడి, ఒకదాంట్లో మిరియాలు కలిసిన పచ్చిగడ్డి. ఆ వాసన చేతిని సాయంత్రం దాకా వదలదు, నా పనిలో నాకు బాగా ఇష్టమైన ఘడియ అదే.

హాప్స్‌ను ఎప్పుడు వేస్తారు అనేదే ఇక్కడ కిటుకు, దానికి మన చారు సరిపోతాది. రెండు చిన్న గిన్నెల్లో నీళ్ళు పెట్టి రెండిట్లోనూ చిటికెడు ఎండు వేపపువ్వు వెయ్యండి. మొదటి గిన్నెలో కొత్తిమీర కూడా అప్పుడే వేసి అరగంట కాచండి. రెండో గిన్నెలో వేపపువ్వు ఒక్కదాన్నే అరగంట కాచి, పొయ్యి ఆపేసినాక కొత్తిమీర తుంచి వేసి మూత పెట్టండి. చేదు రెండిట్లోనూ ఉంటాది. కొత్తిమీర వాసన రెండో గిన్నెలోనే ఉంటాది, మొదటిదాంట్లో ఆవిరితో పాటు ఎగిరిపోయింటాది. చారు దించేముందు కొత్తిమీర ఎందుకు వేస్తామో, బీరులో వాసన హాప్స్ చివర్లో ఎందుకు వేస్తారో రెండిటికీ కారణం ఒకటే.

అయితే హాప్స్‌లో వేపపువ్వుకు లేని ఒక గుణం ఉంది. దాంట్లో ఆల్ఫా ఆమ్లాలని ఉంటాయి, అవి నీళ్ళలో సరిగా కరగవు, పెద్దగా చేదు కూడా ఇవ్వవు. బాగా కాగితేనే రూపం మార్చుకుని కరిగి చేదునిస్తాయి. అందుకే మొదట్లో వేసి గంటసేపు కాచిన హాప్స్ చేదుకు, చివరి పది నిమిషాల్లో వేసింది రుచికి, పొయ్యి ఆపినాక వేసింది వాసనకు. ఇంకో పద్ధతి ఉంది, బీరు పులిసినాక చల్లటి ట్యాంకులోనే హాప్స్ వేసి రెండు మూడు రోజులు ఉంచడం, డ్రై హాపింగ్ అంటారు. ఐపీఏ అనే రకం బీర్లలో పండ్ల వాసన గుప్పుమనేది దానివల్లే, పండు ఏదీ వేసిండరు. చెక్ దేశపు సాజ్ అనే హాప్స్ రకం మట్టి, మిరియాల వాసన, అమెరికాలో 1972లో వచ్చిన క్యాస్కేడ్ పంపరపనస వాసన, సిట్రా అనేది మామిడి, లిచీ వాసన. మామిడి తోటల్లో పెరిగినోణ్ణి కదా, మొదటిసారి సిట్రా డబ్బా తెరిచినప్పుడు మా ఊరి మండీ గుర్తుకొచ్చింది నాకు.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. ఇంగ్లాండు నుంచి మద్రాసుకు, కలకత్తాకు ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసే బీరులో హాప్స్ ఎక్కువ వేసేవాళ్ళు, ఎందుకంటే బీరును పులగొట్టే బ్యాక్టీరియాను హాప్స్ అణచిపెడతాది. చిత్తూరు నుంచి మూడు నాలుగు గంటల దూరంలో ఉండే రేవులో దిగిన సరుకు అది, మన దేశం పేరు పెట్టుకుని ప్రపంచమంతా తిరుగుతా ఉంది.

చేదును ఐబీయూ అనే అంకెతో కొలుస్తారు. తేలిక లాగర్లలో పది పదిహేను దగ్గర ఉంటాది, ఐపీఏల్లో నలభై నుంచి డెబ్బై దాకా. కానీ అంకెను చూసి భయపడద్దు. వేపపువ్వు ఒట్టిగా నమిలితే ఒక చేదు, ఉగాది పచ్చట్లో బెల్లంతో కలిసి నోట్లోకొస్తే ఇంకో చేదు కదా. మాల్టు తీపి వెనకాల నిలబడితే నలభై కూడా మెత్తగా తగులుతాది, మాల్టు పల్చగా ఉంటే పాతికకే మొహం ముడుచుకుంటాం.

ఈస్ట్: నాకు ఎక్కువ చెప్పాలనుండేది దీని గురించే

పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటాది, మధ్యాహ్నానికి నురగ కడతాది, సాయంత్రానికి పులుస్తాది. ఎవరూ ఏమీ కలపరు, గాల్లో, ముంతలో ఉండే ఈస్టు, బ్యాక్టీరియా చేసే పని అది. వేలాది ఏళ్ళు బీరు కూడా ఇట్లే ఏ ఈస్టో తెలీకుండానే పులిసింది. పులియడం ఒక ప్రాణి చేసే పని అని లూయీ పాశ్చర్ నిరూపించినాడు, బీరు మీద ఆయన పుస్తకం 1876లో వచ్చింది. 1883లో కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒక్క ఈస్టు కణాన్ని విడదీసి, దాన్నించే మొత్తం ఈస్ట్ పెంచినాడు. అప్పట్నించి బీరు ప్రతిసారీ ఒకే మాదిరి రావడం మొదలైంది, ఆ ఈస్టును వాళ్ళు వేరే కంపెనీలకు కూడా ఇచ్చేసినారు.

ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాలు, గ్యాసు వదలతాదని స్కూల్లో చదువుకున్నాం. దాంతో పాటు వందల రకాల వాసనలు కూడా వదలతాది, అవి ఏవి, ఎంత అనేది ఈస్టు జాతి మీద, వేడి మీద ఆధారపడి ఉంటాది. ఏల్ ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల దగ్గర పని చేస్తాది, పండ్ల వాసనలిస్తాది. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13 దగ్గర నిదానంగా పని చేస్తాది, వాసనలు తక్కువ, అందుకే లాగర్ శుభ్రంగా ఉంటాది. ఈ లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం, దాని రెండో తల్లి జాతి దక్షిణ అమెరికాలో పటగోనియా అడవుల్లో దొరికిందని 2011లో బయటపెట్టినారు.

వీట్ బీరులో అరటిపండు వాసన సంగతి ఇదే. జర్మనీ తరహా గోధుమ బీరు తాగిన ప్రతి నలుగురిలో ఒకరు "దీంట్లో అరటిపండు వేసినారా" అని అడగతారు. వెయ్యం. ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం పండిన అరటిపండులో ఉంటాది, ఆ ఈస్ట్ కూడా అదే తయారు చేస్తాది. లవంగం వాసన కూడా దాని పనే. కొంచెం చల్లగా పులియబెడితే లవంగం ముందుకొస్తాది, కొంచెం వేడి పెంచితే అరటిపండు ముందుకొస్తాది.

మరీ వేడెక్కితే ఏమైతాదో చెప్తా. రెండేళ్ళ కింద ఒక ఎండాకాలం రాత్రి, మా దగ్గర కరెంటు పోయి వచ్చేలోపల చిల్లర్ ట్రిప్పయింది, ఎవరూ చూడలేదు. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తాది, చల్లబరిచేది ఆగిపోతే ఆ వేడి పోయే దారి లేదు. పొద్దున నేను పోయి చూస్తే 20 ఉండాల్సిన ట్యాంకు మీటరు 30 చూపిస్తా ఉంది. ఐదొందల లీటర్ల వీట్ బీరు, పులియబెట్టి రెండో రోజు. కొళాయి తిప్పి గ్లాసులో పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నా, అరటిపండు కాదు, గోళ్ళ రంగు తుడిచే మందు వాసన. నోట్లో పోసుకుంటే గొంతులో మంట, తాగింది ఐదు శాతం బీరే అయినా నాటుసారా తాగినట్టు. నాలుగు వారాలు చల్లగా పెట్టి చూసినాం, తగ్గలేదు, ఆ మంట ఒకసారి పుడితే ఇంక పోదు. మొత్తం డ్రైన్‌లో వదిలేసినాం. మాల్టు మంచిదే, హాప్స్ మంచివే, నీళ్ళు మంచివే, ఒక్క రాత్రి వేడి చాలింది. మొదటి మూడు రోజుల వేడే బీరు రుచిని కట్టేస్తాదనేది అప్పట్నించి నేను ఎవరికైనా మొదట చెప్పే మాట.

ఇంట్లో దీన్ని చూడాలంటే ఒకే దోసెపిండిని రెండు గిన్నెల్లో పెట్టండి. ఒకటి నీళ్ళ కుండ పక్కన చల్లగా, ఇంకోటి పొయ్యి పక్కన వెచ్చగా. వెచ్చనిది మూడు నాలుగు గంటల ముందే పొంగి, ఘాటుగా పులిసిపోయింటాది. చల్లనిది నిదానంగా పొంగి కమ్మగా ఉంటాది. పిండిలో పని చేసేది ఎక్కువగా బ్యాక్టీరియానే, కానీ వేడికి రుచి ఎట్ల మారతాదో ముక్కుకు తెలిసిపోతాది.

మిగతా సరుకులు

బియ్యం, మొక్కజొన్న అటుకులు వేస్తే బీరు తేలికవుతాది, మన దేశంలో చాలా లాగర్లలో ఇవి ఉంటాయి, లేబుల్ మీద రాసింటే చూడండి. ఇది కల్తీ అని కొందరంటారు, నేను ఒప్పుకోను, ఎండకు తాగే పల్చటి బీరు కావాలంటే బియ్యం మంచి సరుకే. చక్కెర అయితే ఈస్ట్ మొత్తం తినేస్తాది, ఆల్కహాల్ పెరుగుతాది, ఒళ్ళు తగ్గుతాది. మన చిత్తూరు బెల్లం వేసినా తీపి మిగలదు, బెల్లంలో ఉండే ఆ మడ్డి వాసన, కొంచెం ఉప్పదనం మాత్రం మిగులుతాది. మామిడి గుజ్జుదీ అదే కథ, తీపి పోయి పులుపు, వాసన ఉంటాయి, మ్యాంగో బీరు తియ్యగా ఉంటాదని ఆశపడి తాగితే నిరాశే. బెల్జియం తరహా గోధుమ బీరులో అయితే నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ఆ రకం దాదాపు కనుమరుగైపోయినాక 1966లో హూగార్డెన్ అనే ఊర్లో పియెర్ సెలిస్ మళ్ళీ కాయడం మొదలుపెట్టినాడు. మన రసంపొడిలో ఉండే ధనియాలే, తాగేటప్పుడు వెతికితే దొరుకుతాయి.

గ్లాసులో ఎట్ల చూడాల

మన దగ్గర బీరంటే ఐసు మాదిరి చల్లగా, బాటిల్ ఎత్తి గటగటా తాగడమే అలవాటు. అంత చల్లదనానికి నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలీదు, ఎట్లాంటి బీరైనా ఒకటే మాదిరి ఉంటాది. ఫ్రిజ్‌లోనించి తీసినాక పది నిమిషాలు బయట పెట్టండి. గాజు గ్లాసును సబ్బుతో కడిగి, సబ్బు పోయేదాకా నీళ్ళతో అలికి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. పోసినాక గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని ఉంటే జిడ్డు ఉన్నట్టే. నురగ మాల్టు ప్రొటీన్లు, హాప్స్ చేదు కలిసి కట్టేది, జిడ్డు తగిలితే చచ్చిపోతాది, అందుకని బీరు రుచి చూసినాకనే నూనె పకోడీలు తినండి.

వంద మిల్లీలీటర్లు పోసుకుంటే చాలు. ముందు వాసన చూడండి, తిప్పి మళ్ళీ చూడండి. బ్రెడ్డు, బిస్కెట్, పాకం, కాఫీ అనిపిస్తే మాల్టు. పండ్లతొక్క, గడ్డి, మిరియాలు అనిపిస్తే హాప్స్. అరటిపండు, లవంగం అయితే ఈస్ట్. తర్వాత ఒక గుక్క నోట్లో తిప్పి మింగండి, మొదట తగిలే తీపి మాల్టుది, మింగినాక నాలుక వెనక మిగిలే చేదు హాప్స్‌ది. వెన్న వాసన వస్తే ఈస్ట్‌కు పని ముగించే సమయం ఇవ్వలేదని అర్థం. ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి వాసన వస్తే కాచింది చాలలేదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరు పాతబడింది. మూడు నాలుగు రకాలు వరసగా చూడాలంటే తేలికదానితో మొదలుపెట్టి చేదుది, నల్లది చివర్లో పెట్టుకోండి, ఆ రోజు బండి తాళాలు ఇంట్లోనే ఉండాల.

కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి, ఎంత కొత్తదైతే అంత మంచిది, ఐపీఏ అయితే మరీ ముఖ్యం, మొదట పోయేది హాప్స్ వాసనే. ఎండలో పేర్చిన కేసుల్లోంచి తీసుకోవద్దు. వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి వెల్లుల్లిపొట్టు మాడినట్టు గంధకం కంపు పుడతాది, పచ్చ బాటిల్, తెల్ల బాటిల్ దాన్ని ఆపలేవు, గోధుమరంగు బాటిల్ చాలావరకు ఆపుతాది, క్యాన్ అయితే పూర్తిగా ఆపుతాది.

ఇది నమ్మకం లేకపోతే ఒకే తేదీ ఉండే పచ్చ బాటిళ్ళు రెండు కొనండి. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంకోటి ఎండ పడే కిటికీలో ఒక పగలంతా పెట్టి, సాయంత్రం అదే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. మరుసటి రోజు రెండు గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చీటీ మీద రాసి గ్లాసు కింద మడిచిపెట్టి, ఇంట్లో అందరికంటే ముక్కు బాగా పనిచేసేవాళ్ళని పిలిచి, తాగే పని లేదు, వాసన మాత్రం చూసి చెప్పమనండి.